టిక్కులు పెట్టింది నేను

అంకుల్ పోయారని మంగళవారం పొద్దున వాళ్ల అమ్మాయి మెసేజ్ పెట్టింది. ఇంగ్లిషులో రెండే వాక్యాలు: డాడ్ ఇక లేరు, మీకు చెప్పమని మమ్ అంది. ఆఫీసుకు వెళ్లే రైల్లో ఉన్నాను. ఫోన్ ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. దిగాల్సిన స్టేషన్ దాటింది. దాని తర్వాతిదీ దాటింది. 

ఆయన నాకు బంధువు కాదు. తొంభైల చివర, నేను సిడ్నీలో మాస్టర్స్ చదువుతున్నప్పుడు నాకు పని నేర్పిన మనిషి. బ్లాక్‌టౌన్‌లో నలుగురు అమ్మాయిలం ఒక ఇంట్లో అద్దెకుండేవాళ్లం. పార్కులో తెలుగువాళ్ల బార్బెక్యూ విందుకు ఎవరో పిలిస్తే వెళ్లాను. అక్కడ ఆయన భార్య, ఆంటీ, నా ప్లేటులో పులిహోర వడ్డిస్తూ, "ఏం చదువుతున్నావమ్మా?" అని అడిగారు. కంప్యూటర్ నెట్‌వర్క్‌లు అన్నాను. ఆవిడ వెనక్కి తిరిగి, "ఏవండీ, మీ జాతి పిల్లే దొరికింది," అని కేకేశారు.

డిగ్రీ చేతికి రావాలంటే ఏదో ఒక కంపెనీలో ఆరు నెలలు పనిచేసి రిపోర్టు ఇవ్వాలి. ముప్ఫై చోట్ల అడిగి లేదనిపించుకున్న నన్ను ఆయన తమ కంపెనీకి తీసుకెళ్లారు. కిడ్నీలు పాడైనవాళ్లు ఇంట్లోనే డయాలసిస్ చేసుకుంటారు కదా, వాళ్లకు కావాల్సిన మందునీళ్ల సంచులు ఇళ్లకు చేర్చే కంపెనీ అది. సర్వర్లు, వాటి సాఫ్ట్‌వేర్, యాభై కంప్యూటర్లు, అన్నీ చూసుకోవడానికి ఆయన ఒక్కరే.

అంకుల్‌ది ఒంగోలు దగ్గర పల్లె. సర్వర్లకు మన నదుల పేర్లు పెట్టుకున్నారు. మెయిల్ నడిపేది కృష్ణ. ఆర్డర్లు, పేషెంట్ల చిరునామాలు ఉండేది గుండ్లకమ్మ. ఆ పేరు పలకలేక ఆఫీసులో అందరూ 'గండీ' అనేవాళ్లు. "గండీ స్లోగా ఉంది మేట్," అని ఎవరైనా ఫోన్ చేస్తే, ఆయన ముందు "గుం-డ్ల-క-మ్మ" అని సరిదిద్ది, ఆ తర్వాతే లేచేవారు. సర్వర్ల గది ఎప్పుడూ చలిగా ఉండేది. ఆంటీ అల్లిన మెరూన్ స్వెట్టర్ తలుపు వెనక మేకుకు వేలాడేది. నేను లోపలికి వెళ్తుంటే, "వేసుకెళ్లమ్మాయ్, సర్వర్‌కి చలి కావాలి, నీక్కాదు," అనేవారు. శుక్రవారం, సర్వర్లలోని డేటా నకలు ఉండే బ్యాకప్ టేపును చేతిరుమాల్లో చుట్టి, ఖాళీ లంచ్ బాక్సులో పెట్టుకుని ఇంటికి పట్టుకెళ్లేవారు, ఆఫీసు తగలబడినా డేటా మిగలాలని. "అన్నీ నడుస్తున్నప్పుడు మనల్ని ఎవరూ తలుచుకోరు. తలుచుకోలేదంటే పని బాగా చేసినట్టు," అనేవారు.

రోజూ పొద్దున్నే టేపు మార్చడం నా పని. రాత్రి జరిగిన బ్యాకప్ వివరాలు తెరమీద వచ్చేవి. అవి చూసి పుస్తకంలో ఆ తేదీ పక్కన టిక్కు పెట్టాలి. మొదటి రోజే చెప్పారు: "టిక్కు పెట్టడం పని కాదమ్మా. చదవడం పని."

రెండు నెలలు చదివాను. ఆ తర్వాత చూడటం మిగిలింది.

ఒక రోజు ఆ వివరాల అడుగున కొత్త వాక్యం కనిపించింది: ఒక ఫైల్ వదిలేయబడింది. వేల ఫైళ్లలో ఒకటి! టిక్కు పెట్టాను. మర్నాడూ అదే వాక్యం. ఆయనకు చెప్పాలనుకున్నాను. అప్పుడాయన రెండువేల సంవత్సరం వస్తే ఏ ప్రోగ్రాం ఆగిపోతుందోనని ఒక్కో కంప్యూటర్‌నూ విప్పి చూస్తున్నారు. ఇంత చిన్నదానికి ఎందుకులే అనుకున్నాను. అలా మూడు వారాలు.

ఒక బుధవారం పొద్దున గుండ్లకమ్మ ఆగిపోయింది. డిస్కులను నడిపే కార్డు పాడై, రెండు డిస్కుల్లోనూ ఉన్నదంతా చెరిపేసింది. అంకుల్ కంగారు పడలేదు. కొత్త కార్డు వేశారు, డిస్కులు మార్చారు, ముందు రోజు టేపు పెట్టారు. "రెండు గంటల్లో లేస్తుంది, వెళ్లి టీ తాగిరా," అన్నారు. నేను తిరిగొచ్చేసరికి తెర ముందు నిలబడి ఉన్నారు.

"ఆర్డర్ల ఫైల్ ఏదమ్మా?"

ఆ వదిలేసిన ఒక్క ఫైల్ అదే. రిపోర్టుల కోసం సేల్స్‌వాళ్లు ఆర్డర్ల ప్రోగ్రాంను రాత్రంతా తెరిచి ఉంచడం మొదలుపెట్టారు. తెరిచి ఉన్న ఫైల్‌ను మా బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ముట్టుకోదు. ఆయన అంతకు ముందు రోజు టేపు, దాని ముందుది, ఇంకా ముందుది పెట్టి చూస్తూ పోయారు. నేను పక్కనే నిలబడ్డాను. ప్రతి టేపులోనూ ఏముండదో నాకు ముందే తెలుసు. నోరు తెరిచి, "అంకుల్, మూడు వారాల నుంచీ..." అన్నాను. ఆయన నా వైపు తిరిగి చూశారు. కోప్పడతారనుకున్నాను. "సరే. మూడు వారాల కిందటి టేపు తియ్యి," అన్నారు.

అందులో పాత ఆర్డర్ల జాబితా దొరికింది. దాన్ని అచ్చు తీసి, ఆఫీసులో ఉన్న ప్రతి ఒక్కరం ఫోన్లు పట్టుకున్నాం. ఇంట్లో ఎన్ని సంచులున్నాయి? ఎన్ని రోజులొస్తాయి? మూడు వారాల్లో కొత్తగా చేరినవాళ్లు ఆ జాబితాలో లేరు. వ్యాన్లలో డ్రైవర్లు పడేసిన డెలివరీ కాగితాలు ఏరి, గురువారం మధ్యాహ్నానికి వాళ్లనూ పట్టుకున్నాం. ఒక్కావిడ మాత్రం దొరకలేదు. కాగితం మీద ఇంటిపేరు, చిరునామా, ఫోన్ నంబర్ ఉన్నాయి. మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. ఆ కాగితం ప్రకారం ఆవిడ సంచులు బుధవారంతో అయిపోయి ఉండాలి, కొత్తవి ఆ రోజే వెళ్లాల్సింది.

"పద," అన్నారు అంకుల్. రెండు పెట్టెలు కారులో వేసుకుని వెళ్లాం. చిన్న ఇటుకల ఇల్లు. తలుపు కొట్టారు, మళ్లీ కొట్టారు. పెట్టె ఒకటి చేతుల్లోనే ఉంది, కింద పెట్టలేదు. పక్కింటాయన గొట్టంతో మొక్కలకు నీళ్లు పెడుతూ, ఇవాళ పొద్దున అంబులెన్స్ వచ్చిందని చెప్పాడు. ఎందుకో తెలియదన్నాడు. ఆసుపత్రికి ఫోన్ చేస్తే, మీరు కుటుంబ సభ్యులా అని అడిగారు. కాదన్నారు అంకుల్. అయితే చెప్పలేమన్నారు.

తిరిగొచ్చేటప్పుడు కారులో ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు, తిట్టలేదు. ఇండికేటర్ వేసి, వంపు తిరిగినా దాన్ని ఆపడం మర్చిపోయారు. చాలా దూరం అది టిక్కు టిక్కుమంటూనే ఉంది.

వారం తర్వాత ఫ్యాక్స్ ఒకటి వచ్చింది. ఆ చిరునామాకు డెలివరీలు ఆపేయమని. కారణం రాయలేదు. ఆవిడ ఆసుపత్రిలోనే డయాలసిస్ చేయించుకుంటోందా, లేక ఇంకేమైనా అయిందా? అడిగే హక్కు మాకు లేదు. మాకు ఎప్పటికీ తెలియలేదు.

విచారణకు మా ఇద్దర్నీ మేనేజర్ గదిలో కూర్చోబెట్టారు. టేపుల పుస్తకం బల్ల మీద తెరిచి ఉంది, అన్నీ నా టిక్కులే. లోపలికి వెళ్లేముందు అంకుల్ చెప్పారు:

"నువ్వేం మాట్లాడకు. నీ వీసా, నీ డిగ్రీ, రెండూ నీ ఆరు నెలల రిపోర్ట్ మీదే ఉన్నాయి."

"కానీ అంకుల్, చూసింది నేను..."

"నువ్వు స్టూడెంట్‌వి. చెక్ చేయాల్సింది నేను. నెల రోజులు ఆ పుస్తకం తెరవలేదు. అబద్ధం చెప్పట్లేదుగా, నిజమే చెప్తున్నా."

లోపల ఆయన అదే చెప్పారు. ఆ వాక్యం నీకు కనిపించిందా అని నన్నెవరూ అడగలేదు. అడగకపోతే బాగుండునని కోరుకున్నాను, అడగలేదని సంతోషించాను కూడా. నెల తిరక్కుండా ఆయన ఉద్యోగం పోయింది. ఆఖరి రోజు నా రిపోర్టు మీద సంతకం పెట్టారు. 'శ్రద్ధగా పనిచేసింది' అని రాశారు. ఆ మాటతోనే నాకు డిగ్రీ వచ్చింది, ఉద్యోగం వచ్చింది.

తర్వాత ఆయన ఒక స్కూల్లో కంప్యూటర్లు బాగుచేసే పనికి చేరారు, రిటైరయ్యేదాకా అక్కడే. నేను ఎప్పుడు ఆ సంగతి ఎత్తినా, "తిన్నావా?" అని అడిగేవారు. ఎనిమిది నెలల కిందట పక్షవాతం వచ్చి మాట పోయింది. ఆసుపత్రిలో ఆయన ఎడమ చేయి పట్టుకుని, ఎన్నాళ్లుగానో దాచుకున్నదంతా చెప్పాను. ఆంటీకి చెప్పమంటారా అని అడిగాను. ఆయన నన్నే చూశారు. పెదవులు కదిలాయి. ఏదో అనాలని చాలాసేపు పెనుగులాడారు. నేను వంగి ఆయన పెదవుల దగ్గర చెవి పెట్టాను. ఏమీ అర్థం కాలేదు. అర్థమైందన్నట్టు తల ఊపాను. చివరికి ఆయనకు కూడా అబద్ధమే చెప్పినట్టయింది.

చర్చిలో ప్రార్థనయ్యాక హాల్లో టీ ఇచ్చారు. వాళ్ల అమ్మాయి నా దగ్గరకొచ్చి, "డాడ్ ఆ జాబ్ ఎందుకు వదిలేశారు? మీకు తెలుసా? హి నెవర్ టోల్డ్ అస్," అంది. మొదటిసారి ఒక మనిషికి, బదులు చెప్పగల మనిషికి, జరిగిందంతా చెప్పాను. ఆ అమ్మాయి కప్పు బల్ల మీద పెట్టింది.

"చర్చికి మేము ఎప్పుడూ లాంగ్ వే వెళ్లేవాళ్లం," అంది. "మీరు చెప్పిన ఆవిడ స్ట్రీట్‌లోంచి వెళ్తే ఫైవ్ మినిట్స్. డాడ్ ఎప్పుడూ ఆ టర్న్ తీసుకోలేదు. ట్రాఫిక్ అనేవారు. సండే మార్నింగ్ ట్రాఫిక్ ఏంటి అని మమ్ నవ్వేది."

తర్వాత మెల్లగా అడిగింది: "మమ్‌కి చెప్తారా?"

ఆంటీ హాలు చివర తెల్ల చీరలో ఒక్కరే కూర్చుని ఉన్నారు. నేను దగ్గరకు వెళ్లేసరికి తలెత్తారు. పక్క కుర్చీలో ఉన్న హ్యాండ్‌బ్యాగు తీసి ఒళ్లో పెట్టుకుని, ఆ కుర్చీని చేత్తో తుడిచి, నేను కూర్చునేదాకా దాని మీద చెయ్యి అలాగే ఉంచారు.