దొరగారు ఏడ్చిన సినిమా

నా నేస్తం ఒజెల్లాకి నోరు తక్కువ, ఓపిక ఎక్కువ. ఆ ఓపిక చూస్తేనే నాకు ఒళ్ళు మండేది. అలబామాలో మా ఊళ్ళో ఇనపసామాన్ల కొట్టున్న విన్‌ఫీల్డ్ దొరగారింట్లో వంటమనిషి అది. ఆ దొర పిల్లలు ముగ్గురూ దీని చంకలోనే పెరిగారు. దీనికంటూ ఉన్నది ఒక్క తమ్ముడు, క్లీఫస్.

ఆ తమ్ముణ్ణి జైలుకి పంపినవాళ్ళలో ఈ దొర ఒకడు. ఎవరో తెల్లవాడి పత్తిమిల్లు తగలబడితే అది మావాడి పనే అన్నారు. మిల్లు కాలుతున్న వేళకి క్లీఫస్ మా నల్లవాళ్ళ చర్చిలో నిలబడి పాడుతున్నాడు. నేను చెవులారా విన్నాను. కోర్టులో ఆ మాటే చెప్పాను. ఎవడిక్కావాలి నా మాట? తీర్పు చెప్పే జ్యూరీలో పన్నెండుమందీ తెల్లవాళ్ళే, విన్‌ఫీల్డ్ దొరతో కలిపి. లోపలికెళ్ళి ఒక సిగరెట్టు కాల్చినంత సేపట్లో తిరిగొచ్చి దోషి అనేశారు. ఆ పూట కూడా ఒజెల్లా కోడి వేయించి దొరగారికి వడ్డించింది.

"సిగ్గులేదుటే నీకు? ఆ ఇంట్లో ఇంకా ఎలా వండుతున్నావు?" అని దులిపేశాను.

"ఆయన చెడ్డవాడు కాదే మేటీ. మిగతావాళ్ళకి జడిశాడు. తీర్పు చెప్పిన దగ్గర్నుంచీ నా మొహంలోకి చూడలేకపోతున్నాడు. మనసులో ఆయనకి తెలుసు. ఏదో ఒకనాడు నోరు విప్పుతాడు. అప్పుడు నేనక్కడ ఉండాలి కదా."

ఆ ఆశ మీదే దాని జుట్టంతా నెరిసిపోయింది.

అరవై మూడులో మా ఊరికి ఒక కోర్టు సినిమా వచ్చింది. చెయ్యని నేరానికి ఒక నల్లవాణ్ణి బోనెక్కిస్తే, ఒక తెల్ల వకీలు వాడి తరఫున వాదిస్తాడు. అయినా జ్యూరీ వాణ్ణి దోషే అంటుంది. మేం పక్కమెట్లెక్కి పైన నల్లవాళ్ళకని వదిలిన బాల్కనీలో కూర్చున్నాం. తీర్పు వచ్చినప్పుడు పైన ఒక్కరూ కదల్లేదు. మాకు కొత్తేముంది గనక? కింద తెల్లవాళ్ళలో మాత్రం ఒకటే ముక్కు చీదుళ్ళు. ఒజెల్లా నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అటు చూడవే, దొరగారు!"

విన్‌ఫీల్డ్ రుమాలు కళ్ళకద్దుకుని వెక్కివెక్కి ఏడుస్తున్నాడు.

"కరిగాడే!" అంది ఒజెల్లా. దాని మొహం అలా వెలగడం నేను చూసి ఎన్నేళ్ళయిందో.

మరుసటి వారమే క్లీఫస్ పెరోల్ బోర్డు ముందుకి రావాలి. తీర్పిచ్చిన జ్యూరీలోంచి ఒక్క మనిషి వచ్చి మంచిమాట చెబితే చాలు, వదిలేస్తారని మా పాస్టరుగారు అన్నారు. ఎలా అడగాలా అని ఇది తల పట్టుకుంటే, తెల్లారి కాఫీ దగ్గర దొరే మాట కదిపాడట.

"ఒజెల్లా, రాత్రి ఒక సినిమా చూశాం. గుండె పిండేసిందనుకో. నువ్వూ చూడాలి."

"చూశానండి. పైనే ఉన్నాను."

"అలాగా? నేను గమనించనేలేదే."

"అయ్యగారూ, మా క్లీఫస్ వచ్చేవారం బోర్డు ముందుకొస్తున్నాడండి. తమరొచ్చి వాడి గురించి ఒక్క మాట చెబితే…"

దొర కప్పు కింద పెట్టాడట. కోపం కూడా రాలేదట మహానుభావుడికి. చిన్నపిల్లకి నచ్చజెప్పినట్టు చెప్పాడట.

"అది వేరు, ఒజెల్లా. సినిమాలో వాడు పాపం ఏ తప్పూ చెయ్యలేదుగా."

బోర్డుకి మేమిద్దరమే వెళ్ళాం. నా మాట కోర్టులో ఎంత విన్నారో అక్కడా అంతే విన్నారు. క్లీఫస్‌ని మళ్ళీ ఖైదీలతో చాకిరీ చేయించే జైలు పొలానికే తోలేశారు. తిరుగు బస్సులో దాన్ని కడిగేద్దామనుకున్నాను గానీ, మొహం చూశాక మనసొప్పలేదు. అదే అంది.

"దొర సిగ్గుతో తల దించుకున్నాడనుకున్నానే ఇన్నాళ్ళూ. కాదు. క్లీఫసే తగలబెట్టాడని వాడు మొదట్నుంచీ నిజంగానే నమ్మాడు. పిరికివాడే కదా, ఎప్పటికైనా ధైర్యం రాకపోతుందా అని వాడి పిల్లల్ని ఎత్తుకుని కూచున్నానే, మేటీ."