కౌంటర్ కింద ఉండిపోయిన బ్రష్

2013. వేట నిషేధం ముగిసి పడవలు మళ్లీ సముద్రంలోకి వెళ్లిన తరువాతి వానాకాలం. శ్రీకాకుళంలో నాగావళి వంతెనకు దగ్గర్లో ఉన్న ఒక గృహోపకరణాల షాపులో నేను సేల్స్ కౌంటర్ చూసేవాణ్ణి. మిక్సీలు, ఫ్యాన్లు అడిగినట్టు మా దగ్గర వాక్యూమ్ క్లీనర్లు ఎవరూ అడిగేవారు కారు. ఆ అర మీద పేరుకున్న దుమ్మును కూడా మేము పాత గుడ్డతోనే దులిపేవాళ్లం.

రోజూ డైరీ రాయడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ రోజు పేజీలో మాత్రం రెండే ముక్కలు ఉన్నాయి: ‘కళింగపట్నం. చీపురు కాదు.’ మిగతాది పేజీ తిరగెయ్యకుండానే గుర్తుంది.

వానలో తడుస్తూ కళింగపట్నం నుంచి ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. అత్త నూకాలమ్మ, కోడలు పార్వతి. ఎండు చేపల వ్యాపారం, సొంత పడవ ఉన్న ఇల్లు. అత్త ఫ్రిజ్‌ల వైపు చూస్తుండగా కోడలు గొంతు తగ్గించి సంగతి చెప్పింది. ఆమె భర్త సింహాచలం ఎక్కిన పడవ వేటకు వెళ్లి తిరిగి రాలేదు. గాలికి కొట్టుకుపోయి ఒడిశా వైపు ఎక్కడో ఒడ్డు చేరి ఉంటారని కబుర్లు పంపారు. జవాబు లేదు. అతను గుమ్మం దాటిన రోజు నుంచి ఆ ఇంట్లో చీపురు పట్టలేదు.

ఎవరైనా ప్రయాణమై వెళితే వాళ్లు చేరేదాకా ఇల్లు ఊడవకూడదన్నది మాకు కొత్త మాట కాదు. నేను బస్సెక్కి విశాఖపట్నం వెళ్లినా నా భార్య ఒక పూట ఆగిగాని ఊడ్చేది కాదు. కానీ ఇక్కడ చేరినట్టు కబురే లేదు. ఇంటి నిండా ఇసుక, ఎండు చేపల పొట్టు. పార్వతికి నాలుగేళ్ల పాప ఉంది. పాపకు ఆయాసం. ఇంట్లో దుమ్ము లేకుండా చూడకపోతే పిల్ల దక్కదని డాక్టరు గట్టిగా చెప్పాడట.

“తడిగుడ్డ పెట్టొచ్చు కదమ్మా?” అన్నాను.

నూకాలమ్మ విననే విన్నది. “గచ్చు కడగమంటావేటి బాబూ? శవం లేసిన ఇంట్లో కదా కడుగుతారు!”

“అత్తా, ఆయనకి తెలీక అన్నారు.”

“నువ్వూరుకోయే. దుమ్ము తియ్యమని డాట్రు సెప్పీసినాడు. డాట్రు ఇంట్లో ఏటకెల్లినోడు ఉన్నాడేటి?” అని నా వైపు తిరిగింది. “సీపురు కాని మిషనేదో ఉన్నాదని ఇది తీసుకొచ్చింది. సూపించు.”

అప్పటికి ముప్పై ఏళ్లుగా కౌంటర్‌లో ఉన్నాను. సక్షన్ ఎంత, అంటే పీల్చే బలం ఎంత అని అడిగినవాళ్లున్నారు. వారంటీ అడిగినవాళ్లున్నారు. ఇది చీపురా కాదా అని అడిగినవాళ్లు లేరు.

ముందు అప్‌రైట్ మోడల్ చూపించాను. కర్రలా నిలబడి ఉంటుంది, అడుగున గుండ్రటి బ్రష్ తిరుగుతుంది. నూకాలమ్మ వంగి చూసి, “ఇది సీపురే. తిరిగే సీపురు,” అంది. వెట్ అండ్ డ్రై అని డ్రమ్ములాంటిది ఇంకొకటి ఉంది, నీళ్లు కూడా పీలుస్తుంది. నీళ్ల పేరెత్తగానే ఆమె తల అడ్డంగా తిప్పింది.

మిగిలింది కానిస్టర్. చక్రాల మీద పెట్టెలాంటి మెషిన్, దానికి పొడవాటి గొట్టం, గొట్టం చివర బల్లపరుపు మూతి.

“ఏనుగు తొండం నాగున్నాది,” అంది నూకాలమ్మ. పార్వతి నవ్వబోయి ఆగిపోయింది.

అందులో నేనొకటి ఏరాను. మూతికి కుచ్చు లేనిది, పేపర్ బ్యాగ్ ఉన్నది. బ్యాగ్ లేని రకంలో పోగైన దుమ్మును డబ్బా నుంచి దులపాలి, అప్పుడది మళ్లీ లేచి పాప ముక్కులోకే పోతుంది. బ్యాగ్ అయితే మూత వేసి తీసేయవచ్చు. వెనక హెపా ఫిల్టర్ ఉంది, అంటే మెషిన్ వదిలే గాలిలో సన్నటి నలుసు కూడా రాకుండా ఆపే మడతల జల్లెడ. ఆన్ చేశాను. నూకాలమ్మ గొట్టం నోటికి అరచెయ్యి అడ్డం పెట్టింది. చెయ్యి అతుక్కుపోయింది.

“ఇది ఊడవదు,” అంది నెమ్మదిగా. “పీలుస్తాది.”

“అవునమ్మా.”

“పీల్చింది ఎటెల్తాది?”

“లోపల సంచిలోనే ఉంటుంది.”

“గుమ్మం దాటదు కదా?”

“మీరు బయట పారేసేదాకా దాటదు.”

“అయితే పారెయ్యం.”

పెట్టెలో సామాను సర్దుతుంటే గుండ్రటి బ్రష్ ఒకటి బయటపడింది. కిటికీలు, అలమారాలు దులపడానికి ఇస్తారు దాన్ని. నూకాలమ్మ దాన్ని తీసి కౌంటర్ మీద పెట్టి దూరంగా నెట్టింది.

“ఇది మీ వస్తువే, ఇక్కడే ఉంచుతానమ్మా. మీ అబ్బాయి వచ్చాక పట్టుకెళ్లండి,” అన్నాను.

“ఆడే వస్తాడు పట్టుకెల్డానికి,” అంది.

కవరులో వేసి, పైన ఒక చీటీ అంటించి సింహాచలం అని రాసి, కౌంటర్ కింద అరలో పెట్టాను.

తరువాత పార్వతి బ్యాగులు కొనడానికి అప్పుడప్పుడు వచ్చేది. షాపులోకి వచ్చి “సంచులు అయిపోనాయండీ” అంటే అతను రాలేదని అర్థం. వేరే అడిగేవాణ్ణి కాదు. పాప సంగతి మాత్రం అడిగేవాణ్ణి.

“రాత్రులు నిద్దరపోతన్నాదండీ. ముందు నాగ లేసి కూకోట్లేదు.”

“నిండిన సంచులు ఏం చేస్తున్నారు?”

“ఆయన వల పక్కన పేర్సినాం. అత్త రోజూ సూసుకుంటాది.”

“ఎండు చేపల వాసనకు ఎలకలు వస్తాయమ్మా. జాగ్రత్త.”

“అత్తకి సెప్పినానండీ. పిల్లిని తెచ్చింది గానీ సంచులు తియ్యనివ్వలేదు. ఆ పిల్లి ఎలకల్ని సూసి పారిపోతాది.”

ఇద్దరం నవ్వుకున్నాం. ఆమె నవ్వగా చూసింది ఆ ఒక్కసారే.

మరుసటి ఏడాది మళ్లీ వేట నిషేధం నడుస్తున్న ఎండల్లో నూకాలమ్మ ఒక్కతే వచ్చింది. మనిషి సగమైపోయింది. కుర్చీ వేశాను. కూర్చోలేదు.

“సంచులు ఎన్ని ఇమ్మంటారమ్మా?”

“సంచులు కాదు. ఆ బుర్సు ఉన్నాదా బాబూ?”

“మీ అబ్బాయి…” అన్నాను.

“రానేదు.”

కౌంటర్ అంచు పట్టుకుని మిగతాది చెప్పింది. “ఎలకలు సంచులన్నీ సింపీసినాయి. పొద్దున్నే పిల్ల పిల్లిని ఎతుక్కుంటూ ఆ గదిలోకెల్లింది. మేం సూసేసరికి పెదాలు నల్లబడిపోనాయి. ఆటోలో ఏసుకొని ఆస్పత్రికి పరిగెట్టినాం.”

“ఇప్పుడెలా ఉంది?”

“బతికింది. అక్కడే ఉన్నాది, తల్లి కూడా. నాను ఇంటికెల్లి అటక మీద సీపురు దించినాను. నానే ఊడిసినాను. గుమ్మం దాటించినాను.” ఊపిరి తీసుకుంది. “గచ్చు కడిగీసినాను బాబూ.”

ఆ మాటకు అర్థం మొదటి రోజే ఆమె నోట విని ఉన్నాను.

“సీపురుతో దుమ్ము లెగుస్తాది కదా, పిల్లకి పడదు. మిషనుతోనే తియ్యాల. కిటికీల్లో, అలమార్లో ఇసక ఉండిపోనాది, ఆ మూతికి అందట్లేదు. ఇంక బుర్సు ఎట్టుకున్నా పరవానేదు.”

వంగి అరలోంచి కవరు తీశాను. చీటీ ఇంకా అంటుకునే ఉంది. ఆమెకు చదువు రాదు. అయినా ఇచ్చేముందు దాన్ని గోటితో పీకబోయాను.

“ఏటి రాసినావు?”

“మీ అబ్బాయి పేరమ్మా. వస్తే ఇవ్వాలని.”

“ఉండనీ. పీకకు.”

కవరును కొంగులో చుట్టుకుని బస్సు కోసం వెళ్లిపోయింది. ఆ తరువాత బ్యాగులకు పార్వతి వచ్చేది, నిండినవి పారేస్తున్నామని చెప్పేది. సముద్రం నుంచి మాత్రం ఏ కబురూ రాలేదు.

కానిస్టర్ ఎంచుకోవాలంటే గది ఎంత, సక్షన్ ఎంత, బ్యాగ్ ఉందా లేదా అని చూడమంటారు. నేనూ కొత్తవాళ్లకు అదే నేర్పాను. కానీ ఆ ఏడాది తరువాత, ఉద్యోగం మానేదాకా, వాక్యూమ్ క్లీనర్ అడిగిన ప్రతివాళ్లనూ ముందుగా ఒక మాట అడిగేవాణ్ణి: “మీ ఇంట్లో చీపురు ఎవరు పడతారండీ?” చాలామంది నవ్వి, ఎవరో ఒకరి పేరు చెప్పేవారు. నవ్వకుండా ఆగిపోయినవాళ్లు కొందరున్నారు. వాళ్లకు మోడళ్లు చూపించడానికి తొందరపడలేదు. కుర్చీ వేసి, వాళ్లు చెప్పేదాకా ఆగాను.