ఫ్రెంచి అతిథులకు ఫోర్కు పాఠం

ఇది డైరీలో కూడా సగమే రాసుకున్నాను. నోరు తెరిచి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. తొంభైల మొదట్లో, తెలుగు రైల్వే కుటుంబాలు ఎక్కువగా ఉండే బిలాస్‌పూర్‌లో, ఒక్క ఫోర్కుతో నా ఉద్యోగాన్ని నేనే పొడిచి చంపబోయాను.

అప్పుడు నేనొక చిన్న ఆక్యుపేషనల్ థెరపీ కేంద్రంలో టైపిస్టుని. దెబ్బతిన్న చేతులకు అన్నం కలపడం, బొత్తాలు పెట్టుకోవడం, చెంబు ఎత్తడం మళ్ళీ నేర్పేవారక్కడ. నలుగురిలో నోరు పెగలని నేను తలుపు మూసుకుని పుస్తకాల్లో ఫ్రెంచి నేర్చుకుంటున్నానని మా సుభద్ర మేడమ్‌కి ఎలాగో తెలిసిపోయింది.

"లలితా, ఫ్రెంచి మాటాడే థెరపిస్టులు ముగ్గురు ట్రైనింగుకి వస్తన్నారు. మన పాఠాలు వాళ్ళకి తగ్గట్టు మార్చి రాయి. బాగుంటే నీ ఉద్యోగం పర్మనెంటు. లేదా, ఇంటికాడే కూర్చుని చదువుకోవచ్చు."

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాది ఫ్రెంచిలో పోయింది. ఫ్రెంచి అనగానే నా కళ్ళ ముందు తెల్లటి టేబుల్ గుడ్డలు, గాజు గ్లాసులు! అన్నం కలిపే పాఠం కొట్టేసి ఫోర్కు పాఠం పెట్టాను. చెంబుతో స్నానం చేసే పాఠాన్నీ వదల్లేదు.

బలైపోయింది సింహాచలం బాబాయి. రైల్వే యార్డులో బోగీలు కలుపుతూ కుడిచెయ్యి నలగ్గొట్టుకున్న పాయింట్స్‌మన్. మూడు నెలలు కష్టపడి అప్పుడప్పుడే ముద్ద నోటిదాకా తెస్తున్నాడు.

"ఏటమ్మా ఈ త్రిశూలం?"

"వచ్చేవాళ్ళు ఫ్రెంచివాళ్ళు బాబాయ్. వాళ్ళకిదే అలవాటు."

"తినీది నేనా, ఆళ్ళా?"

నేను ఫోర్కుని ఆయన వేళ్ళ మధ్య ఇరికించాను. వారం రోజులు ఫోర్కే పట్టించాను.

ఆ రోజు రానే వచ్చింది. రంగురంగుల తలగుడ్డలతో ముగ్గురు ఆడవాళ్ళు లోపలికొచ్చారు, ఫ్రెంచి మాటాడే పశ్చిమ ఆఫ్రికా నుంచి! నా గుండె ఔటర్ సిగ్నల్ దగ్గర గూడ్సులా నిలిచిపోయింది. నేను ఆపేలోపే బాబాయి ఫోర్కుతో బంగాళాదుంప ముక్కని పొడిచాడు. అది ఎగిరి ముగ్గురిలో పెద్దావిడ నోటుపుస్తకంలో పడింది.

మేడమ్ చూపు నా మీదే ఉంది.

"ఈయన ఇంట్లో దీంతోనే తింటారా?" ఫ్రెంచిలో అడిగిందావిడ.

"లేదండీ... మీ కోసమని..."

"మా కోసమా? మేం ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుని చేత్తో తింటాం! మా పేషెంట్లకి అది నేర్పే పద్ధతి చూద్దామనే ఇంత దూరం వచ్చాం."

బాబాయి ముందు పప్పన్నం తెచ్చి పెట్టాను. వారం రోజుల్లో ఆ వేళ్ళు పాత పని మరిచిపోయుంటే? మొదటి ముద్ద జారిపోయింది. పెద్దావిడ వంగి ఆయన వేళ్ళనే చూస్తోంది. రెండో ముద్ద మీసం దాకా వెళ్ళి ఆగింది. లోపలికెళ్ళింది! ముగ్గురూ ఒక్కసారే చప్పట్లు కొట్టి, పుస్తకాలు తెరిచి గబగబా రాసుకోసాగారు.

ఇకమీదట ఏ భాషవాళ్ళు వచ్చినా, ఎలా తింటారో, ఎలా కూర్చుంటారో అడగనిదే పాఠంలో ఒక్క కామా కూడా కదపనని అక్కడికక్కడే నా పెన్ను మీద ఒట్టేసుకున్నాను. ఒట్టు పూర్తికాకముందే మేడమ్ కిటికీలోంచి బయటికి చూసి నా వైపు తిరిగింది.

"నీ ఉద్యోగం ఉందిలే, ఏడవకు. అచ్ఛా, రేపటి పాఠం స్నానం కదా? గేటుకాడ రిక్షాలోంచి మనిషి పడుకునేంత తొట్టి దించుతున్నారు, అదేటి?"