పదిసార్లు అడిగే జగన్మోహన్ గారు

జగన్మోహన్ గారు ఏ ప్రశ్ననూ ఒక్కసారి అడిగి ఊరుకోరు. పదిసార్లు అడుగుతారు. అడిగిన ప్రతిసారీ జవాబు ఎంతసేపటికి వచ్చిందో మెడలో వేలాడే స్టాప్‌వాచిలో చూసి, చొక్కా జేబులోని చిన్న పుస్తకంలో రాసుకుంటారు. జవాబు ఏమిటన్నది మాత్రం ఒక్కోసారి రాసుకోవడం మరిచిపోతారు.

అమెరికాలో, కాలిఫోర్నియాలోని శాంటా క్లారాలో మా కంపెనీ కాంతిని పసిగట్టే సిలికాన్ డిటెక్టర్లు తయారుచేసేది. ఒక్కోటి కందిబద్దంత ఉండేది. 1983లో నేను అక్కడ ఆపరేటర్‌గా చేరాను. ఆయన ఇంజనీరు. నాన్నకు పక్షవాతం రావడంతో నా చదువు ఇంటర్ మొదటి సంవత్సరం మధ్యలో ఆగిపోయింది. అది తెలిసి, మొదటిరోజే ఆయన నా పక్కన స్టూలు వేసుకుని పని వివరించారు. చీకటిపెట్టెలో డిటెక్టర్ మీద లేజర్ మిణుక్కుమంటుంది. చూశానని డిటెక్టర్ కాస్త ఆలస్యంగా చెబుతుంది. ఆలస్యంతో పేచీ లేదు, దాన్ని లెక్కలో తీసేసుకోవచ్చు. కానీ ప్రతిసారీ అంతే ఆలస్యం కావాలి, సెకనులో లక్ష కోట్లో వంతుల్లో కొలిచినా సరే. లక్షసార్లు మిణుక్కుమనిపిస్తే తెర మీద ఆకుపచ్చ చుక్కలు కుప్పగా పేరుకుంటాయి. కుప్ప సూదిలా నిలబడితే మంచి సరుకు. ఇడ్లీలా పరుచుకుంటే చెత్తబుట్టకి.

అర్థమైందా అని పదిసార్లు అడిగారు. ఏడోసారికి నాకు నిజంగానే సందేహం వచ్చింది.

ఆయన భార్య మీనాగారి మీద కూడా ఇదే పరిశోధన. కాఫీ ఉందా అని మొదటిసారి అడిగితే సెకనుకి జవాబు వచ్చేది. రెండోసారి అర సెకను. ఒక ఆదివారం నేను వాళ్లింట్లో ఉండగానే, ఆయన నోరు తెరవకముందే వంటింట్లోంచి మాట వచ్చింది.

"ఉంది. స్టవ్ మీద ఉంది. ఇక అడిగితే ఉండదు."

ఆయన గడియారం వైపు చూసి, నా వైపు చూసి, "మైనస్ రీడింగ్," అని గొంతు తగ్గించి చెప్పారు. ఆ పూట కాఫీ చల్లారిపోయింది. రీడింగ్ దొరికిన సంతోషంలో ఆయన దాన్నే తాగారు.

ఒకసారి సెకండ్‌హ్యాండ్ కారు కొనడానికి వెళ్లారు. దీనికి యాక్సిడెంట్ అయిందా అని సేల్స్‌మాన్‌ని అడగడం మొదలుపెట్టారు. పదోసారికి అతను గేటు వైపు చెయ్యి చూపించాడట. మర్నాడు ల్యాబ్‌లో ఆయన చాలా తృప్తిగా ఉన్నారు. "నాలుగో 'నో'కి రెండున్నర సెకన్లు పట్టింది అమ్మాయ్. ఎలా కొంటాను?" అన్నారు. కొనలేదు. పాత కారుకి డ్రైవర్ కూర్చునే ఎడమవైపు తలుపు ఒక్కటే తెరుచుకునేది కాబట్టి, మీనాగారు పట్టుచీరలో కూడా అటు నుంచే ఎక్కి, సీటు పొడుగునా జరుగుతూ వెళ్లి కూర్చునేవారు.

నా సంగతి వేరు. ఎనిమిది గంటలు చీకటిగదిలో కేబుళ్లు తగిలించి, తీసి, మళ్లీ తగిలించి, సాయంత్రానికి నా కళ్లలో ఆకుపచ్చ చుక్కలు కదిలేవి. ఇంటికెళ్తే వంట, మా పాప విద్య పనులు, మా ఆయన గోపాల్‌కి సెకండ్ షిఫ్టుకి డబ్బా. నా అలసటని ఆ తెర మీద వేస్తే సూదిలా నిలబడేది, ప్రతిరోజూ అంతే కాబట్టి. ఎవరేం అడిగినా "పర్వాలేదండి" అనేదాన్ని. అంతకంటే పెద్ద మాటకి ఓపిక ఉండేది కాదు, ధైర్యం అసలు ఉండేది కాదు.

1984 జనవరిలో మా సూపర్‌వైజర్ కారల్ ఒక కాగితం తెచ్చింది. కొలతల బెంచీల దగ్గర పనిచేసేవాళ్లకి హైస్కూలు సర్టిఫికెట్ ఉండాలట. లేనివాళ్లు నెలాఖరుకల్లా ప్యాకింగ్‌కి వెళ్లాలి. నీకేమైనా ఇబ్బందా అని అడిగింది. పర్వాలేదన్నాను. పాపం, ఆవిడ నమ్మింది.

నాకు ఆ బెంచి అంటే ప్రాణం. నా చేతిలో ఏదైనా సరిగ్గా వస్తుందని నాకు తెలిసిన చోటు అదొక్కటే. ఆ మాట గోపాల్‌తో కూడా అనలేదు.

ఆ వారం జగన్మోహన్ గారు నన్ను వదల్లేదు. కేబుల్ తగిలిస్తుంటే, చేతులు కడుక్కుంటుంటే, పార్కింగ్ లాట్‌లో తాళంచెవులు వెతుక్కుంటుంటే వచ్చి, "ప్యాకింగ్‌కి వెళ్లడం ఇష్టమేనా?" అని అడిగేవారు. పర్వాలేదండి అనేదాన్ని. గడియారం టిక్కుమనేది. మధ్యలో అన్నం తిన్నావా అని కూడా అడిగేవారు. తిన్నానండి అనేదాన్ని. అదీ టిక్కుమనేది. అంత విసుగు నాకు పురుటినొప్పుల్లో కూడా రాలేదు.

శుక్రవారం గ్రాఫ్ పేపర్ తెచ్చి బెంచి మీద పరిచారు. రెండు కుప్పలు గీసి ఉన్నాయి. ఒకటి సూదిలా ఉంది. రెండోది అర సెకను దగ్గర మొదలై నాలుగు సెకన్ల దాకా పాకింది.

"ఇది అన్నం సంగతి," అని సూది మీద వేలు పెట్టారు. "ఇది ప్యాకింగ్ సంగతి. పదిసార్లూ ఒకటే జవాబు చెప్పావు. కానీ చూడు, మొదటిది నిజం. రెండోది మర్యాద."

నేను తల వంచి ఆ రెండో కుప్పనే చూశాను. ఆయన గడియారం ఆపనేలేదు. ఏడ్చానేమో అనుకుని రుమాలు ఇచ్చారు. దానికి టంకం వేసే సోల్డర్ అంటుకుని ఉంది.

"ఈవెనింగ్ అడల్ట్ స్కూల్ ఉంది. జీఈడీ పరీక్ష రాయి, అది హైస్కూలు సర్టిఫికెట్‌తో సమానం. మంగళ, గురువారాలు పాపని మీనా చూసుకుంటుంది. తనని అడిగాను, పదిసార్లు."

"నెలాఖరుకి ఎలా అవుతుంది సార్?"

"ఆ విషయం నేను మాట్లాడతాను," అన్నారు.

మాట్లాడారు. కొత్త బ్యాచ్‌కి దీర్ఘకాల పరీక్ష ఉందనీ, మధ్యలో చెయ్యి మారితే రీడింగులు చెడతాయనీ, ఎనిమిది నెలలు పడుతుందనీ కారల్‌కి చెప్పారు. ఆవిడ కూడా ఆయన్ని బాగా ఎరిగినదే. కొలవని అంకె ఈయన నోట రాదని, సరేనని సంతకం పెట్టింది.

ఎనిమిది నెలలు రోజూ నేను చీకటిపెట్టెలో అదే డిటెక్టర్‌ని కొలిచాను. మంగళ, గురువారాలు అల్జీబ్రా పుస్తకం ముందు కునికిపాట్లు పడ్డాను. మూడో నెలలో స్టేప్లర్ కోసం ఆయన డ్రాయరు తీస్తే ఆ బ్యాచ్ ఆర్డర్ కాగితం కనిపించింది. పరీక్ష ఐదు వందల గంటలని ఉంది. అంటే మూడు వారాలు. మిగతా డిటెక్టర్లన్నీ ఫిబ్రవరిలోనే కస్టమర్‌కి వెళ్లిపోయాయి. ఆ పెట్టెలో ఉన్నది ఎవరికీ అక్కర్లేని ఒక్క ముక్క. ప్రతి సాయంత్రం ఆయన వచ్చి దాని కుప్పని ఎంతో శ్రద్ధగా చూసి, "ఇంకా చెప్పలేం," అని తల ఊపి వెళ్లేవారు. నేను డ్రాయరు మూసేసి నా పని చూసుకున్నాను.

ఆగస్టులో సర్టిఫికెట్ వచ్చింది. పొద్దున్నే తీసుకెళ్లి ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన అటూ ఇటూ తిప్పి, వెలుగుకి పట్టి చూసి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. కారల్ తలుపు దగ్గరకి వచ్చి, ఆ దీర్ఘకాల పరీక్ష ఎంతవరకు వచ్చిందని అడిగింది.

ఆయన బడి ఎగ్గొట్టిన కుర్రాడిలా నా వైపు తిరిగారు. "ఏమని చెప్పను?" అన్నారు తెలుగులో.

"అయిపోయిందని చెప్పండి సార్," అన్నాను. "నేను ఈలోగా ఆ పెట్టె ఖాళీ చేస్తాను, కొత్త బ్యాచ్ వచ్చి ఉంది."