చెయ్యి చూపించి వచ్చే కోపం

కోపం అందరికీ వస్తుంది. డ్రైవర్ తాతకు మాత్రం చెయ్యి చూపించి మరీ వస్తుంది. బతుకంతా బస్సు నడిపిన మనిషి. మలుపు తిప్పే ముందు కిటికీలోంచి కుడిచెయ్యి చాపినట్టే, కోప్పడే ముందు కూడా బారున చాపుతాడు. "తప్పుకోండి, నాకు కోపం వస్తోంది" అంటాడు. గుమ్మం పక్కన, చెప్పుల అర దగ్గర బోర్లించిన నీలం బకెట్టు మీద కూలబడి, వేడెక్కిన ఇంజనులా బుస్సుబుస్సుమంటాడు. కాసేపటికి లేచొచ్చి, "చల్లబడింది. ఇందాక ఏం మాట్లాడుకుంటున్నాం?" అంటాడు.

కారణాలూ అంత గొప్పవేం కావు. దువ్వెన కనబడకపోతే కోపం. గోడ గడియారం ముందుకెళితే కోపం. ఓ పూట అందరూ భోజనాలకు కూర్చుంటే బల్ల అంచున ఉన్న గరిటె కింద పడింది. ఆయన చెయ్యి లేచింది. ఆ విసురుకు మంచినీళ్ళ గ్లాసు కూడా గరిటె వెనకాలే వెళ్ళింది.

"మావయ్యా, పడింది గరిటె. మీరు కాదు" అంది కోడలు.

"అదేనమ్మా నా కోపం. చెప్పాపెట్టకుండా పడుతుందా?" అంటూ ఆయన బకెట్టు దగ్గరికి నడిచాడు.

కోడలికి ఒళ్ళు మండిపోయేది. రక్తపరీక్షలు చేసే ల్యాబులో ఆమె ఉద్యోగం. సూది గుచ్చినందుకు పెద్దవాళ్ళు తిడతారు, గుచ్చకముందే పిల్లలు తంతారు. ఇంటికొస్తే ఈ ఇంజను.

"మీ నాన్నకి ముందునుంచీ ఇంతేనా?" అని మొగుణ్ణి అడిగింది.

"ఇదివరకు ఇలా లేడే. రిటైరైతే మారిపోతారేమో" అని అతను పేపర్లో తల దూర్చాడు. ఆ పేపరు నాలుగు ముక్కలు చేయాలనిపించింది ఆమెకు.

అసలు మంట వేరే ఉంది. మూడేళ్ళ కూతురు క్రెష్‌లో పిల్లల్ని కొరుకుతోంది. ఇంట్లో దాన్ని ఉడుత అంటారు. బొమ్మ లాక్కుంటే కొరుకుడు, వరసలో తోస్తే కొరుకుడు. టీచరమ్మ పిలిచి చెప్పేసింది: "ఇంకొక్కసారి పన్ను పడిందంటే పాపను మీ ఇంట్లోనే ఉంచుకోండి." క్లచ్చు తొక్కితొక్కి తాత మోకాళ్ళు అరిగిపోయాయి. ఉడుత వెనకాల ఆయన పరుగెత్తలేడు. అది ఇంట్లో ఉంటే తల్లి ఉద్యోగం మానాల్సిందే.

ఆ సాయంత్రం ఆమె కూతుర్ని నిలదీసింది. "కొరకొద్దని ఎన్నిసార్లు చెప్పానే నీకు?"

ఉడుత పెదవులు బిగించింది.

"దాని మీద అరవకమ్మా" అన్నాడు తాత.

"అరవక ముద్దెట్టుకోనా? ఇదంతా మీ శిక్షణే. పొద్దస్తమానం కోపం, కోపం అంటుంటే పిల్ల ఇంకేం నేర్చుకుంటుంది?"

తాత చెయ్యి చాపి బకెట్టు దగ్గరికి పోయాడు. ఉడుత వెనకాలే వెళ్ళి పక్కన గొంతుక్కూర్చుంది.

"తాతా, చల్లబడిందా?"

"ఎక్కడే? నువ్వూ ఊదు."

ఇద్దరూ బుస్సుమన్నారు. కోడలు వంటింటి తలుపు ధడాలున వేసింది.

కొన్నాళ్ళకు ల్యాబుకు ఫోను వచ్చింది. "ఒకసారి క్రెష్‌కు రండి" అని టీచరమ్మ పెట్టేసింది. దారి పొడుగునా కోడలు తిట్లు కూడబెట్టుకుంది. బొమ్మలు లాక్కునే పిల్లల్ని కన్నవాళ్ళకు కొన్ని, టీచరమ్మకు కొన్ని, మిగిలినవన్నీ మావగారికి.

"ఎవర్ని కొరికింది?" అంది గుమ్మంలోనే.

"ఎవర్నీ కాదు. ఫోన్లో చెబితే నమ్మరని రమ్మన్నాను" అంది టీచరమ్మ. "ఒకడు దీని లారీ లాక్కున్నాడు. ఇది నోరు తెరిచింది. నేను పరుగెత్తేలోపు చెయ్యి చాపి, 'తప్పుకోండి, నాకు కోపం వస్తోంది' అంది. బొమ్మల బుట్ట బోర్లించుకుని కూర్చుని బుసకొట్టింది. తర్వాత వెళ్ళి, 'చల్లబడింది. నా లారీ ఇస్తావా?' అని అడిగింది. వాడు బిత్తరపోయి ఇచ్చేశాడు. ఇప్పుడు అందరికీ బుట్టలు కావాలట. నేనెక్కణ్ణుంచి తేను?"

లోపల పిల్లలంతా చేతులు చాపుకుని, ఒకరికొకరు దారి ఇవ్వకుండా బస్టాండులా ఉన్నారు.

కూడబెట్టిన తిట్లు ఖర్చు కాకుండానే ఆమె కూతురితో ఇల్లు చేరింది. తాతతో పాతికేళ్ళు బస్సెక్కిన కండక్టరు వచ్చి టీ తాగుతున్నాడు. ఉడుత పోయి బకెట్టెక్కింది. ఆమె జరిగింది చెప్పి, "మొత్తానికి మా మావయ్య కోపం ఓ పనికొచ్చిందండీ" అంది.

"ఎవరి కోపం?" కండక్టరు కప్పు దించాడు. "ఈయనకి కోపమా? జనం సీటు కోసం జుట్లు పట్టుకుంటే అద్దంలో చూసి నవ్వేవాడమ్మా. డిపోలో ఈయన్ని వెన్నముద్ద అనేవాళ్ళం."

కోడలు మావగారి వంక చూసింది. ఆయన గడియారం వంక చూశాడు.

"కొరకొద్దని అందరూ చెబుతున్నారు కదమ్మా" అన్నాడు మెల్లిగా. "కోపమొస్తే మరి ఏం చెయ్యాలో దానికెవరూ చూపించలేదు. చూపిద్దామంటే నాకేమో కోపం రాదాయె. కష్టపడి తెచ్చుకున్నాను."

"ఆ గరిటె?"

"మోచేత్తో నేనే తోశాను."

"గ్లాసు?"

"అది నిజంగానే పడిందమ్మా."

ఇన్నాళ్ళూ అరిగిన గొంతు, వేసిన తలుపులు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి ఆమెకు. ఏదో అనబోయింది. అంతలో ఆమె కుడిచెయ్యి దానంతటదే బారున చాచుకుంది.

ఉడుత గబుక్కున బకెట్టు దిగింది. గౌనుతో దాన్ని తుడిచింది.

"కూర్చోమ్మా. చల్లబడ్డాక రా."

కోడలు కూర్చుంది. బుస్సుమంది. చల్లబడటానికి ఎంతోసేపు పట్టలేదు గానీ, ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా ఇంకాసేపు అక్కడే కూర్చుంది.