కొమురయ్య మీద నేను వేసిన నింద

1972లో గోదావరిఖనిలోని ఒక గనిలో నేను రెండో షిఫ్టు ఓవర్‌మన్‌ను, అంటే లోపల కార్మికులతో పని చేయించేవాణ్ని. ఆ ఏడు ఒక రోజు తప్పు చేశాను. విచారణలో దాన్ని చనిపోయిన మనిషి మీదికి నెట్టాను.

బొగ్గు పేల్చాక పైకప్పును కర్రతో తట్టి చూడాలి. గట్టి కప్పు ఖంగుమంటుంది, విడిన కప్పు గుల్లగా మోగుతుంది. గుల్లగా మోగితే కప్పుకు ఆసరాగా కర్ర దిమ్మెలు నిలబెట్టేదాకా ఎవరినీ దాని కిందికి పంపకూడదు. ఆ రోజు నేను తట్టిన చోట గుల్లగానే మోగింది. దిమ్మెలు వేసేవాళ్లు ఇంకా రాలేదు. బొగ్గు మోసే టబ్బులు ఖాళీగా నిలిచిపోయాయి. నింపమన్నాను. బొగ్గు నింపే కార్మికులు కదల్లేదు.

"దిమ్మె వెట్టినంక పోతం సార్," అన్నాడు వాళ్లలో ఒకడైన కొమురయ్య.

"భయమైతే రేపటి సంది నీ పెండ్లాన్ని తోలియ్యి. ఆమెనే నింపుతది," అన్నాను.

నలుగురూ నవ్వారు. అతను తట్ట ఎత్తుకుని వెళ్ళాడు. కాసేపటికే కప్పు అతని మీద కూలింది.

వద్దన్నా వినకుండా వెళ్ళాడని విచారణలో చెప్పాను. నిజం తెలిసినవాళ్లంతా నా కింద పనిచేసేవాళ్లు. ఎవరూ నోరు విప్పలేదు.

అతని ఉద్యోగం తమ్ముడు రాజయ్యకు వచ్చింది, అదీ నా షిఫ్టులోనే. రెండేళ్ల తర్వాత పెత్రమాసకు రాజయ్య నన్ను భోజనానికి పిలిచాడు. ఆ రోజు పోయినవాళ్ల పేరున బియ్యం ఇచ్చి, వాళ్లకు ఇష్టమైనవి వండి, వాళ్ల ముచ్చట్లు చెప్పుకుంటారు. తప్పించుకునే సాకు దొరకక వెళ్ళాను.

కొమురయ్య ఈత, అతని పాట, పెళ్లినాడు అలిగిన వైనం చెప్పుకుని నవ్వుకున్నారు. ఇంతలో అతని కూతురు పప్పు వద్దని మారాం చేసింది.

"నాయిన లెక్కనే మొండిది," అంది కొమురయ్య భార్య లచ్చక్క. "చెప్తె ఇనకనే గదా పాయె."

కొమురయ్య ముసలి తల్లి నా వైపు తిరిగింది. "నువ్వు ఆపినవట గద బిడ్డా. నీ కడుపు సల్లగుండ. వాడే ఇనకపాయె."

ఊరుకుంటే ఆ పిల్ల పెద్దయ్యాక తన పిల్లలకూ ఇదే చెబుతుంది.

"నేను ఆపలేదవ్వా. వద్దన్నది ఆయన. ఎగతాళి చేసి నేనే పంపిన," అన్నాను.

రాజయ్య దిగ్గున లేచాడు. "గిన్నొద్దులు నీ కిందనే డ్యూటీ చేస్తి గదా సార్!"

లచ్చక్క అతణ్ని ఆపింది. నా ముందున్న విస్తరి తీసేసింది. "మా ఇంట్ల జెప్తె ఏమొస్తది సారూ? గని మీద అందరు ఆయన్ను మొండోడంటున్నరు. గాడ జెప్పు."

పోయిన మనిషి తన తరఫున మాట్లాడుకోలేడు. బతికున్నవాళ్లు చెప్పిందే అతని బతుకవుతుంది. దాన్ని చెడగొట్టినవాడు చెడగొట్టిన చోటే సరిచేయాలి.

మరునాడు ముందుగా మేనేజర్‌కు చెప్పి వాంగ్మూలం మార్చాను. ఓవర్‌మన్ పని పోయింది. ఆ తర్వాత షిఫ్టు మొదలయ్యే వేళ, హాజరు వేసే చోట అందరి ముందు నిలబడి, కొమురయ్య అన్న మాటా నేను అన్న మాటా ఉన్నదున్నట్టు చెప్పాను. వరుసలో రాజయ్య ఉన్నాడు. చివరిదాకా విన్నాడు. తన దీపం తీసుకుని, నా వైపు చూడకుండా గనిలోకి దిగిపోయాడు.