ఆగే అంటే ఆగమని కాదు

1995 నవంబరులో నన్ను ఢిల్లీ కంటోన్మెంటుకు బదిలీ చేశారు. సైన్యంలో నాది శారీరక శిక్షణ విభాగం, హోదా నాయబ్ సుబేదారు. అంటే అధికారులకు కింద, జవాన్లకు పైన, ఇద్దరి చేతా మాటలు పడే చోటు. జవాన్లను పరుగెత్తించడం నా ఉద్యోగమైతే వెయిట్‌లిఫ్టింగు నా పిచ్చి. ఎత్తే వయసు దాటిపోయాక పరీక్ష రాసి, అంతర్జాతీయ పోటీల్లో రిఫరీగా కూర్చునే అర్హత సంపాదించాను. ఆ చలికాలంలో కొన్ని ఆసియా దేశాలను పిలిచి ఢిల్లీలో మహిళల పోటీ పెట్టినప్పుడు నిర్వాహకులు నన్ను మార్షల్‌గా అడిగి తీసుకున్నారు.

మార్షల్ పని బయటి వాళ్లకు తెలియదు కాబట్టి చెబుతాను. బరువెత్తే వేదికకీ, ఆటగాళ్లు ఒళ్లు వేడెక్కించుకునే గదికీ మధ్య ఒక బల్ల ఉంటుంది. ప్రతి దేశపు కోచ్ ఆ బల్ల దగ్గరికి వచ్చి, తన అమ్మాయి తర్వాతి ప్రయత్నంలో ఎన్ని కిలోలు ఎత్తుతుందో చెబుతాడు. తక్కువ బరువు అడిగినవాళ్లు ముందు ఎత్తుతారు, ఎక్కువ అడిగినవాళ్లు తర్వాత. ఆ వరుస తప్పకుండా చూడడం మార్షల్ బాధ్యత. బరువు ఎంత అన్న మాట తప్ప ఏ దేశం వాళ్లతోనూ మరో మాట మాట్లాడకూడదు, సొంత దేశం వాళ్లతో అసలే కూడదు.

మన జట్టు శిక్షణ శిబిరం అంతకు ముందు మా జిమ్‌లోనే జరిగింది. అక్కడే పైడితల్లిని చూశాను. ఒంటి బరువు యాభై కిలోలు మించనివాళ్ల విభాగం పిల్ల. హిందీ వాళ్లకు ఆ పేరు నోరు తిరక్క "పైడీ" అని పిలిచేవారు. అంతకుముందు రెండు శిబిరాల నుంచి ఆమెను ఇంటికి పంపేశారు. ఒకసారి భుజం నొప్పి, మరోసారి ఎత్తిన బరువు చాలలేదు. మూడోసారి మళ్లీ వచ్చింది. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు, ఈ పిల్ల ఆ మొండివాణ్ని కూడా కూర్చోబెట్టేది. పొగమంచులో జవాన్లే దుప్పటి వదలని పొద్దున్నే జిమ్ తలుపు దగ్గర నిలబడి ఉండేది.

"ఏ ఊరమ్మా మీది?" అని ఒకరోజు అడిగాను.

"ఇజీనారం దగ్గరండి." విజయనగరం పిల్ల, తెలుగు వినేసరికి ముఖం విప్పారింది.

"రెండుసార్లు పంపేశారు కదా, మళ్లీ ఎందుకొచ్చావు?"

"ఒగ్గీసి ఎలిపోతే ఎలాగండి? ఈపు మీద ఇండియా అని రాసుంటాది సూడండి, ఆ బనీను ఏసుకోని ఓ పాలైనా ఎత్తాలండి."

నేను ఇరవై ఏళ్లకు పైగా యూనిఫాం వేసుకున్నవాణ్ని. నిజం చెప్పాలంటే, ఒక్కసారైనా అన్న ఆ మాటకు నా వెన్ను నిటారైంది.

శిబిరంలో ఆమెకు రోజూ శిక్షణ ఇచ్చింది సహాయ కోచ్, ఒక మలయాళీ మేడం. అయితే పోటీ రోజున వేదిక అంచుదాకా వెళ్లే పాసు చీఫ్ కోచ్‌దే. ఆయన చత్తర్ సింగ్, రోహ్‌తక్ వైపు మనిషి. ఒకప్పటి మంచి లిఫ్టర్. గొంతు ఎత్తితే మైకు అక్కర్లేదు. ఆయన మేడంను తక్కువ చేశాడని కాదు, హోదా ప్రకారం పద్ధతి అదే.

పోటీ మొదలైనప్పటి నుంచి మన జాతీయగీతం ఒక్కసారి కూడా మోగలేదు. సొంత ఊళ్లో, సొంత హాల్లో, ప్రతి పతక ప్రదానానికీ లేచి నిలబడి ఇతర దేశాల గీతాలే వింటున్నాం. అతిథుల్ని గౌరవించడం మర్యాదే, అయినా ఎంతసేపని? ఆఖరి ఆశ యాభై కిలోల విభాగం మీదే ఉండింది.

మొదటి భాగమైన స్నాచ్‌లో, అంటే బరువును నేల మీద నుంచి ఒక్క ఊపులో తలపైకి ఎత్తే దాంట్లో, పైడితల్లి అందరికన్నా ముందుంది. రెండో భాగం క్లీన్ అండ్ జెర్క్. ముందు భుజాల మీదికి తెచ్చుకుని, అక్కడి నుంచి తలపైకి ఎత్తాలి. ప్రతి ఒక్కరికీ మూడు ప్రయత్నాలు. పోటీలో మిగతావాళ్లందరూ తమ మూడూ పూర్తి చేసుకున్నాక, తొంభై కిలోల దగ్గర ఆమె ఒక్కతే మిగిలింది. ఒక్కసారి ఎత్తితే బంగారం. మూడుసార్లూ తప్పితే రెండు భాగాల మొత్తం కుదరదు కాబట్టి జాబితాలో స్థానమే ఉండదు. అప్పుడు మళ్లీ ఇంటికే, ఈసారి నాలుగో పిలుపు రాదని ఆమెకూ తెలుసు.

మొదటి ప్రయత్నం. భుజాల మీదికి తేలిగ్గా వచ్చింది. తలపైకి ఎత్తింది కూడా. కానీ బరువు కాస్త ముందుకు వాలింది. అలాంటప్పుడు లిఫ్టర్ ఒకటి రెండు అడుగులు ముందుకు వేసి దాని కిందికి వెళ్లాలి. చత్తర్ సింగ్ వేదిక పక్క నుంచి అరిచాడు: "ఆగే! ఆగే!"

పిల్ల పాదాలు మేకు కొట్టినట్టు నిలిచిపోయాయి. బార్ ముందు పడింది. ప్రయత్నం చెల్లదని రిఫరీల మూడు ఎర్ర దీపాలు వెలిగాయి.

ఆమె ఒక్కతే మిగిలింది కాబట్టి నిబంధన ప్రకారం రెండు నిమిషాల గడువు. మళ్లీ వెళ్లింది. మళ్లీ అదే వాలు, అదే అరుపు, అదే నిలిచిపోవడం. మళ్లీ ఎర్ర దీపాలు.

అప్పుడు నాకు తెలిసింది. శిబిరంలో మలయాళీ మేడం "ఫ్రంట్, ఫ్రంట్" అనేది. పైడితల్లికి హిందీ రాదని కాదు. మెస్‌లో రోటీ అడగడానికీ, ఆటోవాడితో బేరమాడడానికీ సరిపోయేంత వచ్చు. తొంభై కిలోల కింద ఊపిరి బిగబట్టినప్పుడు ఆ హిందీ ఎక్కడికి పోయిందో పోయింది. "ఆగే" అంటే హిందీలో ముందుకు, ఆమె చెవికి మాత్రం "ఆగు" అనే వినపడింది.

హాలు మొత్తంలో ఈ సంగతి తెలిసినవాణ్ని బహుశా నేనొక్కణ్నే. నా బల్ల పక్కనే ఆ పిల్ల వగరుస్తూ కూర్చుంది. ఒక్క మాట చెబితే చాలు. చెప్పకూడదు. అటు పక్క కుర్చీలో విదేశీ జ్యూరీ సభ్యుడు ఉన్నాడని కాదు, లేకపోయినా చెప్పకూడదు. పొరుగు దేశపు కోచ్ నన్ను నమ్మి తన బరువులు నాకు చెప్పి వెళ్లాడు. గడియారం మళ్లీ నడవడం మొదలైంది.

చత్తర్ సింగ్ ముఖం కందగడ్డలా ఉంది. "ఆగే బోల్యా థా, ఖడీ క్యూఁ హో గీ?" అని గద్దించాడు. ముందుకని చెప్తే నిలబడిపోయావేం అని.

"ఆగమన్నారు, ఆగినాను కదండీ!" అని ఆమె తెలుగులోనే ఎదురు తిరిగింది. అన్న మరుక్షణం తనే నోటి మీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత తనకు వచ్చిన హిందీలో చెప్పింది: "సార్, హమారా తెలుగు మే ఆగు బోలే తో, రుకో." మా తెలుగులో ఆగు అంటే నిలబడమని.

ఇంకొక చీఫ్ కోచ్ అయితే "ఇది హిందీ నేర్చుకునే చోటు కాదు" అనేవాడు. అలాంటి వాళ్లను చాలామందిని చూశాను. చత్తర్ సింగ్ కోపం అంతా ఒక్కసారిగా దిగిపోయింది. ఆమె ముందు మోకాలి మీద కూర్చున్నాడు. "అచ్ఛా! తో ఆగే కో క్యా బోలేఁ?" మరి ఆగేకు మీ మాటేమిటి అని.

"ముందుకు."

"మున్దుకూ."

"ఠీకే సార్."

"మున్దుకూ, మున్దుకూ," అని వల్లె వేసుకుంటూ ఆ భారీ మనిషి ఆమె వెంట నడిచాడు. నేను తల వంచుకుని బల్లను చూస్తూ ఉండిపోయాను, నవ్వు బయటపడితే అదీ పక్షపాతమే అవుతుందని.

మూడో ప్రయత్నం. బరువు తలపైకి లేచింది, యథాప్రకారం ముందుకు వాలింది. "మున్దుకూ! బేటీ, మున్దుకూ!" అన్న రోహ్‌తక్ గొంతు కప్పుకు తగిలింది. పాదాలు కదిలాయి. ఒకటి, రెండు, మూడు అడుగులు. తను బరువు కిందికి చేరింది కానీ, ఆ ఊపులో ఇంకా నడుస్తూనే ఉంది. వేదిక అంచు దాటి కాలు పెడితే ప్రయత్నం చెల్లదు.

"ఆగూ!" అని అరిచాడు చత్తర్ సింగ్. "ఆగూ, ఆగూ!"

గ్యాలరీలో ఉన్న హిందీ జనం ఒక్కసారిగా హాహాకారాలు చేశారు. అంచు మీద ఉన్న పిల్లను ఇంకా ముందుకు తోస్తున్నాడేమిటి ఈయన, అనుకున్నారు పాపం. పైడితల్లి మాత్రం ఆగింది. బొటనవేలు అంచు లోపలే ఉంది. చేతులు నిటారుగా, పాదాలు ఒకే వరుసలో. దించమన్న సంకేతం వచ్చేదాకా కదల్లేదు. మూడు తెల్ల దీపాలు వెలిగాయి.

జెండా పైకి వెళుతుండగా అటెన్షన్‌లో నిలబడ్డాను. కవాతుల్లో లెక్కలేనన్నిసార్లు అలా నిలబడినవాణ్నే. ఆ రోజు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోవడానికి అటెన్షన్‌లో వీలు లేదు. చత్తర్ సింగ్ గొంతెత్తి పాడుతున్నాడు. పైడితల్లి పెదవులు కదుపుతూ వీపు మీద అక్షరాలు ఉన్నాయో లేదో అన్నట్టు భుజం వెనక్కి చెయ్యి పోనిచ్చి తడుముకుంటోంది.

పతక ప్రదానం ముగిశాక జ్యూరీ సభ్యుడు నన్ను అడిగాడు, ఆ కోచ్, ఆ అమ్మాయి ఒకే ప్రాంతం వాళ్లా అని. కాదు, రైల్లో రెండు రోజుల దూరం అని చెప్పాను. మరి ఆయన ఆమె భాషలో అరిచాడే అన్నాడు. ఇప్పుడే నేర్చుకున్నాడని చెబితే నమ్మలేదు.

తర్వాతి శిబిరంలో చత్తర్ సింగ్ ఒక పద్ధతి పెట్టాడు. కొత్తగా వచ్చిన ప్రతి లిఫ్టర్ దగ్గరా ముందుకు, వెనక్కి, ఆగు, ఇంకొంచెం అనే మాటలు వాళ్ల భాషలో అడిగి, బార్ ముట్టుకోనివ్వక ముందే తను నేర్చుకునేవాడు. మణిపురీ, బెంగాలీ, తమిళం, అన్నీ రోహ్‌తక్ యాసలోనే. నేనూ ఆ పద్ధతిని మా జవాన్ల శిక్షణలో పెట్టుకుని, పదవీ విరమణ దాకా పాటించాను. దానివల్ల జరిగిన మేలు ఇంత అని చెప్పలేను కానీ, నా చేతి కింద ఎవరూ మాట అర్థం కాక బరువు పడేసుకోలేదు. ఆ పోటీ నాకు నేర్పింది ఇదే: బరువు ఎవరి నెత్తిన ఉందో, ఆజ్ఞ వాళ్ల భాషలో ఉండాలి.